ఖాళీ టేపుకి చలిగది కాపలా

నా పేరు సులోచన. వయసు ముప్పై నాలుగు. వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూడందే గుమ్మం దిగను. ఇంత జాగ్రత్త మనిషిని, మొన్న మిర్చి సీజన్ అంతా ఏం చేశానో తెలుసా? ఏమీ లేని టేపుని చలిగదిలో దాచి, దానికి తాళం వేయించి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను!

మాది పెదకాకాని దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ. ఏ రైతు మిర్చి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో కంప్యూటర్లో ఎక్కించడం నా పని. అది యూనిక్స్ మిషన్. ప్రతిదీ టైపు చేసి చెబితే తప్ప పలకదు. ఆఫీసులో ఏసీ ఉన్నది ఆ మిషన్ పెట్టిన ఒక్క గదికే. మంచినీళ్ళ కుండ కూడా అందులోనే. షెడ్డులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు నీళ్ళకి వచ్చి, ఒక నిమిషం చల్లగాలికి నిలబడి పోతుంటారు. మా మేనేజరు ప్రసాదరావు గారికి ఇది గిట్టదు.

"మీ చీరల నిండా కారం దుమ్ము. మిషన్ పాడైతే ఎవరు బాధ్యులు?"

"అది తుమ్మిన రోజు చూద్దాం లెండి సార్," అంటుంది మస్తాన్‌బీ. వాళ్ళలో పెద్దావిడ.

మిషన్ పాడైనా లెక్కలు పోకుండా, ప్రతి శనివారం అన్నిటినీ క్యాసెట్ లాంటి టేపు మీదికి ఎక్కించి, అంటే బ్యాకప్ తీసి, భద్రంగా దాచాలి. ఎక్కడ? "మిర్చి ఏడాది పొడుగునా నిలవుంటోంది, టేపు ఉండదా?" అన్నారు ఓనరు గారు. సరే, చలిగదిలోనే. దాని తాళం మాత్రం ఆడవాళ్ళ చేతికి ఇవ్వరు. ఎందుకని అడిగితే, మేము చలికి తట్టుకోలేమట! అందుకని ప్రసాదరావు గారే నడి ఎండాకాలంలో మఫ్లరు చుట్టుకుని లోపలికి వెళ్ళి టేపు తెస్తారు.

జనవరిలో, టేపుని తిప్పే పాత డ్రైవు పోయింది. కొత్తది బిగించి, దానికో కొత్త టేపు ఇచ్చి వెళ్ళిన ఇంజనీరు మర్నాడు ఫోన్ చేశాడు. "మేడమ్, దానికో డివైస్ ఫైలు చేసుకోవాలి, మర్చిపోయాను."

అదేమిటంటే, యూనిక్స్‌లో టేపుకి, ప్రింటరుకి, అన్నిటికీ ఒక్కో పేరుతో ఒక ద్వారం ఉంటుంది. ఆ పేరుకి ఏది పంపినా నేరుగా ఆ యంత్రానికి చేరుతుంది. ఆ ద్వారాన్ని మేక్‌నోడ్ అనే కమాండుతో మనమే తెరవాలి. ఆయన చెబుతుంటే అక్షరం అక్షరం కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టేలోపు కరెంటు పోయింది. వచ్చాక, ఆ పని అయిపోయిందనే అనుకున్నాను. అంత కష్టపడి టైపు చేశాను మరి!

ఆ శనివారం బ్యాకప్ కొట్టాను. ఫైళ్ళ పేర్లు బారులు తీరి స్క్రీను మీద పరుగెత్తాయి. ఊరుకుంటానా? మళ్ళీ చదివించి చూశాను. అన్నీ ఉన్నాయి. డ్రైవు నుంచి చప్పుడే లేదు. కొత్తది కదా, మా స్కూటరు కూడా కొత్తలో ఇలాగే ఉండేది అనుకున్నాను.

అలా మే నెల వచ్చింది. ఒక శనివారం ప్రసాదరావు గారు టేపు తేవడం ఆలస్యమైంది. నేనేదో ఆలోచిస్తూ అలవాటుగా ఎంటర్ కొట్టేశాను. పేర్లు పరుగెత్తాయి. పూర్తయింది. అప్పుడు తలుపు తోసుకుని ఆయన వచ్చారు, మఫ్లరుతో.

"ఇదిగోనండీ టేపు, మొదలుపెట్టండి."

"అయిపోయింది సార్."

"ఏది అయిపోయింది?"

ఇద్దరం ఆయన చేతిలోని టేపుని చూశాం. తర్వాత నోరు తెరుచుకున్న డ్రైవుని చూశాం.

"మిషన్‌కి పిచ్చెక్కింది! కారం దుమ్ము తలకెక్కింది! చెప్పానా లేదా?" అంటూ ఆయన కుండని ఎత్తించి ఎర్రటి ఎండలో పెట్టించారు. ఇక నుంచి ఆడవాళ్ళెవరూ ఈ గది గడప తొక్కకూడదని ఆర్డరు.

నేను ఇంజనీరుకి ఫోన్ చేశాను.

"ఫైళ్ళ జాబితాలో ఆ టేపు పేరున్న వరస చూడండి మేడమ్. మొదటి అక్షరం 'సి' ఉందా?"

"లేదు. అడ్డగీత ఉంది."

"అది ద్వారం కాదు, మామూలు ఫైలు. ద్వారం లేకపోతే యూనిక్స్ మిమ్మల్ని అడగదు. ఆ పేరుతోనే ఒక ఫైలు పుట్టించి అందులో పోసేస్తుంది. మీ లెక్కలన్నీ మిషన్ లోపలి డిస్కు దాటలేదు."

"మరి టేపు?"

"ఖాళీ."

"నేను చదివించి చూశానే!"

"ఆ ఫైలునే చదివించారు."

అంటే తాళం రెండుసార్లు లాగిన మాట నిజమే. కాకపోతే అది గోడకి వేలాడుతున్న తాళం!

ప్రసాదరావు గారు చేతులు దులుపుకుంటూ వచ్చారు. "ఓనరు గారికి కారం దుమ్మని చెప్పేశాను. మీ మీదికేం రాదు, దిగులు పడకండి."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. ఈలోగా కిటికీలోంచి మస్తాన్‌బీ గొంతు. కుండలో గ్లాసు ముంచి తాగబోయి ఊసేసింది. "ఇందులో టీ పొడి వేస్తే చాలే, పాలు మేమే తెచ్చుకుంటాం!"

మగవాళ్ళు నన్ను కాపాడిన ప్రతిసారీ బిల్లు ఇంకో ఆడదాని పేరు మీద ఎందుకు పడుతుందో! ఫోన్ అందుకుని ఓనరు గారికి చెప్పాను. "కారం కాదండీ. నేను."

మొత్తం విన్నారు. "అంటే ఇన్నాళ్ళూ నా చలిగదిలో ఖాళీ టేపుని దాచారా? దాని అద్దె ఎవరిస్తారమ్మా?" అని నవ్వి, "సరే, ఆ కుండ లోపల పెట్టించండి," అన్నారు.

ఆ దొంగ ఫైలుని పక్కకి తప్పించి, మేక్‌నోడ్ మళ్ళీ కొట్టి, ఈసారి ఎంటర్ గట్టిగా నొక్కాను. టేపు పెట్టి బ్యాకప్ మొదలుపెడితే డ్రైవు గుర్రుమంది. టేపు తిరిగితే చప్పుడవుతుందన్నమాట!

ఇక కుండ. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తప్పు నాది, మోత కూడా నాదే అని, షెడ్డు ఆడవాళ్ళందరూ చూస్తుండగా చంకనెత్తుకుని వచ్చి ఏసీ కింద పెట్టాను. గ్లాసు మస్తాన్‌బీ చేతికిచ్చి, "ఇక ఎవరాపుతారో చూస్తాను, తాగు," అన్నాను.

ఆవిడ మూత తీసి లోపలికి చూసింది. నా వైపు చూసింది.

"వేడెక్కాయని నీళ్ళు ఎప్పుడో పారబోశామమ్మా. తేలిగ్గా లేదూ?"

కుండ ఎత్తుకుని బోరింగు దగ్గరికి వెళ్ళి నింపుకొచ్చాను.