జరసేపు చూడకుండ్రి

మా ఎదురు ఫ్లాట్ పెద్దమ్మ పోయారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసేసరికి నేను మాదాపూర్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను. "అమ్మ పోయింది చెల్లె. చుట్టాలు బయలెల్లిండ్రు, జల్ది రా" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆవిడకు నేనొక మాట ఇచ్చి ఉన్నాను. పోయాక ఆవిడ ముఖం ఎవరినీ చూడనివ్వనని.

వినడానికి విడ్డూరంగానే ఉంటుంది, నాకు తెలుసు. అందుకే ఆవిడ గురించి కాస్త చెప్పాలి.

మేము నల్లగండ్లలో కొత్తగా దిగి పాలు పొంగించిన రోజున, ఆ అంతస్తులో మా ఇంటికి వచ్చిన మనిషి పెద్దమ్మ ఒక్కరే. పాలు చూశారు, గోడలు చూశారు, నా ముఖం మాత్రం చూడలేదు. ఎవరితో మాట్లాడినా భుజం మీదుగా అవతలికి చూస్తూ మాట్లాడటం ఆవిడ అలవాటు. మాది కాకినాడ వైపు. కళ్ళలోకి చూడకుండా మాట్లాడితే పొగరనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

శనివారాలు మా ఆఫీసుకు దగ్గరలో ఉన్న చిత్రశాలకు వెళ్ళడం నాకు సరదా. పెద్దమ్మ కూడా వచ్చేవారు. "సల్లగుంటది, ఎవ్వరు మాట్లాడరు" అని ఆవిడ కారణం. అక్కడ నీలం రంగులో రాళ్ళగుట్టల బొమ్మ ఒకటుంది. గచ్చిబౌలి వైపు ఇంకా పగలగొట్టకుండా మిగిలిన బండల్లాంటివే. వారమంతా కంప్యూటరు చూసిన కళ్ళకు అది చల్లటి గుడ్డ వేసినట్టుండేది. పెద్దమ్మ దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్ళి, "ఈ రాయెన్క ఎవరో ఉన్నరు బిడ్డా. మనం పోయేదాక బయటికి రారు" అన్నారు. మహాతల్లి! ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఆ గుట్టలు ఊపిరి బిగబట్టినట్టే కనబడ్డాయి నాకు. ఇత్తడి బిందె బొమ్మ ముందు మాత్రం "నీళ్ళు నిండుగున్నయి" అని సంబరపడేవారు. ఆ బొమ్మలో బిందె మూతి మనకు కనబడదు.

నాకు ప్రాణమైన బొమ్మ వేరే ఉంది. పచ్చచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న ఒక ఆవిడ. ఎక్కడ నిలబడినా మనల్నే చూస్తుంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరేది కాదు. పెద్దమ్మ వచ్చిన మొదటిసారే ఆ బొమ్మ వైపు వీపు పెట్టి, చూసేవాళ్ళందరికీ అడ్డంగా నిలబడ్డారు.

"ఇగ చాలు. పొద్దటిసంది చూస్తనే ఉన్నరు. జరసేపు చూడకుండ్రి."

నాకు సిగ్గేసింది. "అది బొమ్మ పెద్దమ్మా. చూడటానికే పెట్టారు" అన్నాను మెల్లగా.

"నన్ను గూడ చూడనీకెనే కూసోవెట్టిండ్రు."

ఆవిడ భర్త చిన్న వయసులోనే పోయారట. పదోరోజున ఆవిణ్ణి పీట మీద కూర్చోబెడితే ఊరు ఊరంతా వరసగా వచ్చి చూసిందట. "ఏడుస్తున్ననా, ఎంత ఏడుస్తున్న అని చూసిండ్రు. ఒక్కలన్న అటు దిరిగితె మంచిగ ఏడుస్తుంటి. తిరగలే. చూపు బరువుంటది బిడ్డా." ఇది కూడా నా భుజం మీదుగా అవతలికి చూస్తూనే చెప్పారు. అది పొగరు కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ప్రతిసారీ ఆ బొమ్మకు ఆవిడ కాసేపు కాపలా కాసేవారు. ఒకరోజు ఉండబట్టలేక ఆవిడ వెనక్కి తొంగిచూశాను. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ నా ఉద్యోగం. నిన్నటి తెరకూ ఇవాళ్టి తెరకూ ఏం మారిందో కనిపెట్టడమే నా పని. పచ్చచీర ఆవిడ చెయ్యి కుర్చీ మీద లేదు. ఒళ్ళో ఉంది, వేళ్ళు వదులుగా. తల కూడా కాస్త పక్కకు వాలింది.

"చూసినవా?" అన్నారు పెద్దమ్మ, వెనక్కి తిరగకుండానే.

"లేదు" అన్నాను.

"మంచిది" అన్నారు.

ఆ రోజే మెట్లు దిగుతూ మాట తీసుకున్నారు. "నేను పోయిన్నాడు నా మొకం మీది బట్ట తియ్యనియ్యకు. మా పోరడు మెత్తనోడు, నలుగురు అంటే తీస్తడు. నువ్వు బయటిదానివి, గట్టిగ అడ్డం నిలబడు."

ఇప్పుడు నేను ఏ బొమ్మ ముందు నిలబడినా కాసేపు చూసి, కాసేపు తల తిప్పుకుంటాను. మనుషుల దగ్గరా అంతే. అది ఆవిడ పెట్టిన భిక్ష.

ఫోన్ వచ్చిన రోజు ఆఫీసు నుంచి నేను వచ్చేసరికి సెల్లార్‌లో కార్లు పక్కకు జరిపి ఫ్రీజర్ బాక్స్ పెట్టారు. పెద్దమ్మ కొడుకును నేను అన్న అని, కోడల్ని వదిన అని పిలుస్తాను. వదిన ఆవిడ ముఖం మీద తెల్లబట్ట కప్పి ఉంచింది. పెద్దమ్మ మరిది వచ్చీరాగానే, "మొకం చూడకుండ ఎట్ల సాగదోల్తంరా? తియ్యి" అన్నాడు. అన్న మూత మీద చెయ్యి వేశాడు. నేను వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"పెద్దమ్మ వద్దన్నారండీ."

"నువ్వెవరమ్మా?"

"ఎదురు ఫ్లాట్ అండీ." అంతకు మించిన హోదా నాకు లేదు మరి.

అన్న నా వైపు చూసి చెయ్యి తీసేశాడు. "అమ్మ మాటనే చిన్నాయనా. ఇడిసిపెట్టు." ఆ మరిది గోడవైపు తిరిగి ఏడ్చాడు.

కానీ స్నానం చేయించాలంటే బట్ట తీయక తప్పదు. ఆడవాళ్ళం చుట్టూ నిలబడి చీరలు అడ్డం పట్టాం. వదిన చెంబు పట్టుకుని లోపలికి వస్తూ, "అందరు అటు తిరుగుండ్రి. నేను గూడ కండ్లు మూసుకొనే పోస్త" అంది. అందరం బయటికి తిరిగాం. నా ఎదురుగా ఎవరిదో నల్లకారు ఉంది. దాని అద్దంలో ఏం కనబడుతుందోనని తల దించుకున్నాను.

చెంబు బకెట్లో మునిగిన చప్పుడు. నీళ్ళు. మళ్ళీ చెంబు, మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత ఏడుపు మొదలైంది. ఎవరి కోసమూ కాకుండా, గొంతెత్తి, కడుపునిండా ఏడ్చే ఏడుపు. వదినను పట్టుకుందామని చెయ్యి చాపితే, ఆ చెయ్యి నా పక్కనే ఉన్న వదినకు తగిలింది. చీర అంచు పట్టుకుని, మాలాగే బయటికి తిరిగి ఉంది. చేతులు పొడిగా ఉన్నాయి.

"నేను పోస్తలేను చెల్లె. లోపట అత్త ఒక్కతే ఉన్నది" అంది, వినబడీ వినబడకుండా.

ఎవ్వరం వెనక్కి తిరగలేదు. ఎవ్వరం చీర దించలేదు. నీళ్ళు మా పాదాల సందుల్లోంచి కార్ల కిందికి పారుతూనే ఉన్నాయి.