మలుపు దగ్గరి మిరపకాయ మూటలు

మా ఇంట్లో బట్టలుతికే రాయి రాయి కాదు, రన్‌వే ముక్క. ఊళ్ళో చాలా ఇళ్ళలో అంతే. యుద్ధకాలంలో విమానాల కోసం తమిళనాడులో మా కయత్తారు పక్క నల్లరేగడిలో పోసిన కాంక్రీటు అది. విమానాలు పోయాక పందేలొచ్చాయి, పందేలు పోయాక మేము గడ్డపారలతో పోయాము. ఇప్పుడెవరో కుర్రాళ్ళు కెమెరాలు పట్టుకొచ్చి, "ఇంత గొప్ప ట్రాకును ఎందుకు పాడుచేసుకున్నారండీ?" అని నన్నడుగుతారు. అడిగేవాళ్ళకేం, వాళ్ళింట్లో వాషింగ్ మెషీన్ ఉంటుంది!

మా చిన్నప్పుడు మాత్రం ఏటా కోతలయ్యాక ఆ రన్‌వే మీద మోటారు సైకిళ్ళ పందెం జరిగేది. మద్రాసు నుంచి, కోయంబత్తూరు నుంచి తోలు చొక్కాలవాళ్ళు వచ్చేవారు. అంతవరకూ అక్కడ మిరపకాయలు ఆరబోసుకునే ఆడవాళ్ళు ముందురోజే అంతా ఎత్తి, శుభ్రంగా ఊడ్చి ఇచ్చేవారు. రెండు కొసల్లోనూ బండ్లు తిరిగే మలుపు. బండి జారితే తగలడానికి అక్కడ గోనెమూటలు పేర్చేవారు. విరుదునగర్ మండీల నుంచి ఖాళీ గోనెలు వచ్చేవి, మేము వేరుశనగ పొట్టు కూరి కుట్టి ఇచ్చేవాళ్ళం. ఆ వాసన, ఆ చప్పుడు, కిరోసిన్ పొయ్యి మీద కాగే టీ... ఇవాళ తలుచుకున్నా నా ప్రాణం లేచొస్తుంది.

మా ఊరి తరఫున బండెక్కేది ఒక్కడే, మా మామ, మా అమ్మకు తమ్ముడు. పాత బండిని తనే విప్పి తనే బిగించేవాడు. ఎప్పుడూ రెండోవాడో మూడోవాడో అయ్యేవాడు కానీ మీసం మాత్రం గెలిచినవాడిదే. అమ్మకు ఆ బండంటే గుండెదడ. ఓ ఏడాది అన్నం దగ్గర పట్టుకుంది.

"ఏరా, ఎన్నాళ్ళు ఈ ఆట? మిల్లులో పని ఉండాదంటే పోకుండా ఉండావే!"

"సరి అక్కా, ఈ తూరి గెలవకుంటే బండి అమ్మేస్తా. మిల్లుకే పోతా. చాలునా?"

అమ్మ చాలునంది. ఆ బండి లేకపోతే మా మామ ఏమవుతాడో నాకు ఊహకందలేదు.

పందేనికి ముందురోజు సాధన చేస్తూ మామ స్నేహితుడొకడు మలుపులో మూటలకు గుద్దుకున్నాడు. పొట్టు మంచుకు తడిసి గట్టిపడిపోయి ఉంది. భుజం ఎముక విరిగింది. ఆ కబురు విన్న అమ్మ అటకెక్కింది. ఏడాదికని ఇంటికి దాచుకున్న ఎండుమిరపకాయలన్నీ కిందికి దింపి, గోనెల్లో కూరడం మొదలెట్టింది.

"అమ్మా, ఇవి మన తిండికి గదా!"

"సుమ్మా ఊరకుండవే. మెరపకాయ మెత్తగుంటాది. వాడు పడితే ఎముకకు తగలదు. నువ్వు కుట్టు."

నేను గోనెసూదితో కుట్టాను. అమ్మ స్వయంగా ఆ మూటల్ని ఎద్దుబండిలో వేయించుకు వెళ్ళి, ఎక్కువమంది పడే చోట పెట్టించి వచ్చింది. లోపల ఏముందో ఎవరికీ చెప్పలేదు.

మరునాడు మామ ఎన్నడూ లేనట్టు నడిపాడు. ఆఖరి చుట్టులో కోయంబత్తూరువాడొకడే ముందు. వాడి వెనక చక్రం దగ్గర్లోనే మామ. అమ్మ కళ్ళు మూసుకుంది, నేను గొంతు చించుకుంటున్నాను. మలుపులో ముందువాడు జారాడు. నేరుగా వెళ్ళి అమ్మ మూటలకే కొట్టుకున్నాడు. గోనె పిగిలింది. ఎర్రటి పొడి ఒక్కసారిగా లేచింది, ఆ పొడిలోకి మామ దూసుకుపోయాడు. ఇంకేముంది! కళ్ళు కనపడక, తుమ్ములాగక బండి ఆపేశాడు. వెనకెక్కడో ఉన్నవాడు పక్కనుంచి పోయి గెలిచాడు. పడ్డవాడు దెబ్బ లేకుండా లేచి, ఏడుస్తూ, తుమ్ముతూ నిలబడ్డాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అమ్మ ముఖంలో మాత్రం నెత్తురు లేదు.

"పందెమూ లేదు, గిందెమూ లేదు. బండి ఉంచుకోరా," అని ఆ సాయంత్రం బతిమాలింది.

"మాట మాటే అక్కా," అన్నాడు మామ. బండిని విరుదునగర్ మనిషెవరో తోలుకుపోయాడు. మామ మిల్లుకు పోయాడు.

ఇంట్లో మిరపకాయలు ఏమయ్యాయని అడిగినవాళ్ళకు ఎలుకలు తిన్నాయని చెప్పింది అమ్మ. మిరప పండించే ఇంట్లో అంగట్లో మిరపపొడి పొదుపుగా కొనుక్కున్నాం. ఆ ఏడాదంతా కొళంబు, అదే మా పులుసు, చప్పగా ఉండేది. కారం తక్కువైతే కంచం తోసేసే మామ, ప్రతి ఆదివారం వచ్చి మారడిగి మరీ తిన్నాడు. మిల్లు పని మనిషిని మెత్తబరిచిందనుకున్నాం.

తర్వాత పట్నాలవాళ్ళకు పట్నాల దగ్గరే మంచి ట్రాకులు వచ్చాయి. ఇటు రావడం తగ్గించారు, మానేశారు. మా ఆడవాళ్ళు కొందరు వెంబకోట్టై వైపు బాణసంచా పనికి పోయారు. ఆరబోసేవాళ్ళు లేక ఊడ్చేవాళ్ళూ లేకపోయారు. పగుళ్ళలో తుమ్మ మొలిచింది. గాలిమరల రెక్కలు మోసుకొచ్చిన పెద్ద లారీలు మిగిలినదాన్ని తొక్కేశాయి.

మొన్న ఆ మలుపును కూడా తవ్వేస్తున్నారని తెలిసి అమ్మ, మామ, నేను ఆటోలో వెళ్ళాం. జేసీబీ పక్కన నిలబడి అమ్మ ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"తమ్ముడూ, ఆ మూటల్లో మెరపకాయలు పోసింది నేనేరా. నీకు దెబ్బ తగలకూడదనే పోస్తిని. నీ బండిని నేనే పోగొడితిని."

మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తెలుసు అక్కా."

"ఎట్ల తెలుసు?"

"ఆదివారం నీ కొళంబు నోట్లో పెట్టితినే, అప్పుడే తెలిసిపాయె. ఏడాదంతా ఆ చప్పిడి తిండి నోరు మూసుకొని ఎందుకు తింటినని అనుకుంటివి?"

"మరి అప్పుడే ఇంకో బండి కొనుక్కోవచ్చును గదరా పావీ! నేను వద్దంటినా?"

"నాకోసం ఇంటిల్లిపాదీ చప్పిడి తింటిరి. నేను మళ్ళీ బండి ఎట్ల ఎక్కుదును అక్కా?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆదివారం తిండికి రమ్మంది, కారంగా చేస్తానంది.

డాక్టరు మామకు కారం మానిపించి చాలా ఏళ్ళయింది. వచ్చాడు. కళ్ళ నీళ్ళు కారుతుండగా మారడిగి తిన్నాడు.