ముఖం చూసి వేసిన వయసు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక కవరు నా చేతికిచ్చారు. "ఏవండీ, ఇందులో ఏం రాశారో కాస్త చదివి పెడతారా?"

బీమా కంపెనీ ఉత్తరం అది. డెబ్భై దాటినవారికి ఆ పాలసీ ఇవ్వడం కుదరదని ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పాను.

"నా వయసు ఎంతని వేశారండీ?"

"డెబ్భై ఆరండి."

"అయితే మా అక్క కంటే పెద్దదాన్నయిపోయాను," అని నవ్వారావిడ. "నన్ను ఎత్తుకుని పెంచింది అక్కేనండి. చర్చి పుస్తకం ప్రకారం నాకు అరవై ఎనిమిదే. చేపల చెరువుల మీద ఎండకి మాడిన మొహం కదండీ, ఓటు కార్డు రాయడానికి ఇంటికొచ్చినాయన అడక్కుండానే మొహం చూసి వేసేశాడు. బాప్తిస్మం కాగితం చూపిస్తే చెల్లదంటున్నారు. నేను పోతే మట్టి ఖర్చు అక్క మీద పడకూడదని తిరుగుతున్నానండి."

కలిదిండి బస్సు ఎక్కాలని కైకలూరులో దిగారు. సంచి అందిస్తే, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలండి" అన్నారు.

నేను టీచర్ని. ఇంటింటి సర్వేల్లో, ఆలస్యమవుతోందని, ముసలివాళ్ళ ముఖాలు చూసి నేనూ వయసులు వేశాను. ఆ మాట ఆవిడతో చెప్పలేకపోయాను.

ఇప్పుడు సర్వేకి వెళ్తే, ముసలివాళ్ళు తమ వయసు గుర్తు తెచ్చుకునేదాకా అరుగు మీద కూర్చుంటాను.