యువరాణి గేరు సైకిలు

తమిళనాడులోని గుడియాత్తంలో సైకిలామె అంటే యువరాణే. వయసు నలభై రెండు. అన్న తంగవేలు ఇంట్లో నాలుగు గుంట మగ్గాలుంటే వాటిలో ఒకటి ఆమెది. పొద్దున కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుందంటే దీపాలు పెట్టేవేళకే లేచేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు జవాబూ చెప్పలేదు.

ఐదేళ్ళ కిందట వేలూరు ఆస్పత్రిలో పనిచేసే ఒకాయన ఊరు మారుతూ తన పాత గేరు సైకిలు అమ్మేస్తుంటే యువరాణి కొనుక్కుంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం దాని మీద ముప్పై కిలోమీటర్ల వేలూరు ప్రయాణం. పళ్ళికొండ దగ్గర హైవే హోటల్లో ఇడ్లీ తినడం, వేలూరు కోట చుట్టూ ఒక చుట్టు తిరగడం, మళ్ళీ ఇంటికి రావడం. వేలూరులో ఆమెకు చుట్టాలు లేరు, పనీ లేదు.

"ఊరికే అంత దూరం ఎందుకమ్మా?" అని వీధిలో ఎవరైనా అడిగితే, "పోయేదానికే," అనేది.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం, పళ్ళికొండ దాటి ఎత్తు ఎక్కుతూ గేరు మార్చింది. వెనక చక్రం పక్కన వేలాడుతూ చైనును అటూ ఇటూ జరిపే డీరైలర్ పోయి చక్రం పుల్లల్లో చిక్కుకుంది. తిరిగే చక్రం దాన్ని లాగి మెలిపెట్టేసింది. అది బిగించి ఉన్న ఫ్రేము చెవి చీలింది, వెనక గొట్టం వంగిపోయింది. యువరాణి రోడ్డు మీద పడింది. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతున్నా ముందు సైకిలునే చూసుకుంది.

అరటిగెలలు తీసుకుపోయే వ్యానులో ఎక్కించుకొని వేలూరులో ఒక పెద్ద సైకిలు షాపుకు పోయింది. షాపతను చూసి తమిళంలో చెప్పాడు: డీరైలర్ అయితే కొత్తది వెయ్యొచ్చు, కానీ ఫ్రేము పోయింది, దీన్ని ఎవరూ వెల్డింగ్ చెయ్యరు. తర్వాత ఆమెను ఎగాదిగా చూసి, ఈ వయసుకు ముందు బుట్ట ఉండే లేడీస్ సైకిలు చాలదా అన్నాడు.

"బుట్టలో పెట్టుకునేంత సామాను నాకు లేదు," అని ఆమె కూడా తమిళంలోనే చెప్పి బయటికి వచ్చేసింది.

సైకిలును బస్సు మీద వేయించుకొని ఇంటికి చేరేసరికి తంగవేలు వాకిట్లోనే ఉన్నాడు. "మంచిదే అయింది. దేవుడే ఆపినాడు. ఇంక ఆదివారం ఇంట్లో ఉండు," అన్నాడు.

"విరిగింది గేరు. దేవున్ని ఎందుకు లాగుతావన్నా?" అని ఆమె లోపలికి పోయింది.

గురువారం షావుకారుకు లుంగీలు అప్పజెప్పి తిరిగి వచ్చింది. సైకిలు లేదు.

"పాత ఇనప కొట్టుకు వేసేసినా," అన్నాడు తంగవేలు, మగ్గం మీదనుంచి తల ఎత్తకుండా.

యువరాణి పెరట్లోకి పోయింది. అక్కడ తంగవేలు నీళ్ళ మోటారు కాలిపోయి మూడేళ్ళుగా మూల పడి ఉంది. దాన్ని గోనెసంచిలో వేసి నెత్తికెత్తుకుంది. ఇనప కొట్టాయన తూచి చూశాడు. సైకిలుకన్నా మోటారే బరువు. సరేనని సైకిలు ఇచ్చేశాడు.

వెనక చక్రం తిరగదు గనక తోసుకుపోయే వీలు లేదు. భుజాన వేసుకొని, మిట్టమధ్యాహ్నం బజారు వీధి నడిమధ్యనే నడిచింది.

"ఏమమ్మా, సైకిలే నీ మీద ఎక్కి పోతా ఉండాదే!" అని ఒకాయన నవ్వాడు.

"ఇన్నాళ్ళూ అది మోసింది. ఇప్పుడు నేను మోస్తా ఉండా," అంది ఆగకుండానే.

నేరుగా రామానుజం షెడ్డుకు పోయింది. మగ్గాల ఇనప సామాన్లకు అతుకులు వేసేది ఆయనే. ఫ్రేముకు అయస్కాంతం ఆనించి చూశాడు. టక్కున అంటుకుంది.

"ఇనుమే. అల్యూమినియం అయితే నేను ముట్టను. కానీ మళ్ళీ తెగితే నా పూచీ కాదమ్మా."

"పడేది నేను కదా. నువ్వు అతుకప్పా."

గొట్టం సరిచేసి, చీలిన చోట ఇత్తడి కరిగించి అతికాడు. డీరైలర్‌ను చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "ఈ చెవి ఇంక గేరును మొయ్యదు. గేరు లేకుండా తొక్కగలవా?"

"ఇరవై ఏండ్లుగా మగ్గం తొక్కతా ఉండా. దానికి గేరు ఉండాదా?"

రామానుజం నవ్వి, చైను పొట్టిగా కోసి మధ్య పళ్ళచక్రానికి వేసి, వెనక చక్రాన్ని లాగి బిగించాడు.

సాయంత్రం తంగవేలు పెరట్లోనుంచి అరిచాడు. "నా మోటారు యాడ?"

"నా సైకిలును యాడ వేసినావో ఆడనే."

"నా ఇంట్లో, నా మగ్గం మీద కూర్చోని..."

"మగ్గం నీదే అన్నా. కాళ్ళు నావి. వద్దంటే చెప్పు, రేపే ఇంకొకరి మగ్గంలో కూర్చుంటా. సైకిలు మాత్రం ముట్టొద్దు."

ఆమె నేసిన అంచుకు వంక పెట్టినవాడు గుడియాత్తంలో లేడు. అది తంగవేలుకు అందరికన్నా బాగా తెలుసు. పోయి తన మగ్గం గుంటలో దిగాడు.

ఆదివారం యువరాణి బయల్దేరింది. పళ్ళికొండ ఎత్తు దగ్గర తొడలు మండిపోయాయి. సగంలో దిగి తోసింది, మళ్ళీ ఎక్కింది. అతుకు నిలిచింది. వేలూరులో కోట దగ్గర ఆగకుండా, ఎన్నడూ పోని కనియంబాడి దారి పట్టింది. అక్కడ వేరుశనగ చేను గట్టున కూర్చొని, కట్టుకొచ్చుకున్న పులిహోర తినింది.

పొద్దుగుంకే వేళకు ఇల్లు చేరి, సైకిలును లోపలికి తెచ్చి తన మగ్గం పక్కనే ఆనించింది. ఇప్పటికీ అది అక్కడే ఉంటుంది. తంగవేలు తన మగ్గం దగ్గరికి పోవాలంటే దాన్ని చుట్టుకొనే పోతాడు.