ఎర్రగుడ్డ కట్టే మనిషి

మా పశువుల డాక్టరమ్మ గారు పోయారు. సోమవారం కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే గుంటూరు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

రిటైరయ్యాక కూడా ఆవిడ స్కూటరు మీద మా చేల వెంట తిరిగేవారు. చచ్చిన గొర్రె, కాకి, ఏది కనిపించినా పొట్ట కోసి, లోపలిది సీసాలో వేసుకుని, పుస్తకంలో రాసుకునేవారు. "ఏంటమ్మా ఈ కంపు పని?" అంటే, "గొర్రె చావు గొర్రెతో ఆగదయ్యా, దాన్ని తిన్నవాటినీ చూడాలి" అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

మా వైపు ఆఖరి పత్తి తీత అయ్యాక చేలోకి గొర్రెల్ని తోలిస్తాం. వాటికి మేత, మాకు ఎరువు. ఓ ఏడాది, ఇంకో తీత వస్తుందేమోనని ఆశపడి పురుగుమందు కొట్టాను. కాయంతా పుచ్చే. విసుగొచ్చి నాలుగో రోజే గొర్రెల్ని తోలించాను. సాయంత్రానికి నురగలు కక్కుతూ పడిపోయాయి. కాపరి నెత్తి బాదుకుంటూ కూలబడ్డాడు.

డాక్టరమ్మ ఓ గొర్రె నోరు వాసన చూసి, నాకేసి తిరిగారు.

"మందు కొట్టి ఎన్నాళ్ళయింది?"

"నెల దాటిందండి" అన్నాను, సిగ్గులేకుండా.

లోతుగా పూడ్చమన్నారు. పూడిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వాగులోకి ఈడ్పించాను. మూడో నాడు ఆవిడ గోనెసంచి తెచ్చి మా అరుగు మీద బోర్లించారు. రెండు గద్దలు, కాకులు, ఓ ముంగిస.

"అడిగినప్పుడే నిజం చెబితే దగ్గరుండి పూడ్పించేదాన్ని, ఇవి బతికేవి కదయ్యా" అన్నారు. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి ఏటా ఇంటింటికీ వచ్చి అడిగి, మందు కొట్టిన చేల గట్ల మీద ఎర్రగుడ్డ కట్టేవారు. కాపర్లు అది చూసే పక్కకి మళ్ళేవారు. వాగు మీద మళ్ళీ గద్దలు తిరిగాయంటే ఆ తల్లి చలవే. చేతులెత్తి మొక్కుతున్నాను.

నిన్న మా పక్క పత్తి చేను గట్టు మీదకి ఓ మంద వచ్చింది.

"గుడ్డ లేదుగా బాబాయ్, భయమేం లేదులే" అన్నాడు కాపరి.

"ఆగవయ్యా! గుడ్డ కట్టే ఆవిడే పోయారు!" అని అరిచాను. చేను రైతు అక్కడే ఉన్నాడు. మందు ఎప్పుడు కొట్టావని అడిగాను.

"ఏరా, నువ్వా నన్ను అడిగేది?" అన్నాడు.

చేతులు చాపి గట్టుకి అడ్డంగా నిలబడ్డాను. ముందున్న గొర్రె నా కాళ్ళ పక్కనుంచి దూరి, ఆకు కొరికింది.