చేపల కొలను ఫిల్టరు రింగు

కరోనా పూర్తిగా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలంలో నేను ఉప్పల్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో టెక్నికల్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. అంతకుముందు ఇరవై ఆరేళ్లు నాచారం పారిశ్రామికవాడలో నూనె పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాను. ఫిట్టరుగా చేరి, చార్జ్‌మన్‌నై, చివరికి మెయింటెనెన్స్ ఫోర్‌మన్ అయ్యాను. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక అపార్ట్‌మెంట్లకు మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ నన్ను తీసుకుని ఇక్కడ పోస్టింగ్ ఇచ్చింది. నా రిటైర్మెంటుకు అప్పటికి ఎనిమిది నెలలున్నాయి.

అపార్ట్‌మెంటులో సూపర్‌వైజర్ అంటే పేరు గొప్ప ఊరు దిబ్బ. పైన ఏజెన్సీ మేనేజరు, ఆయన పైన ఫ్లాట్ల యజమానుల కమిటీ, ఆ కమిటీకో సెక్రటరీ. కింద ఎలక్ట్రీషియన్, ప్లంబరు, ఊడ్చేవాళ్లు, తోటపని చేసే సువార్తమ్మ. లిఫ్టు ఆగినా మోటారు కాలినా ఫోను నాకే వస్తుంది. అన్నీ సవ్యంగా నడిస్తే మాత్రం ఆ పేరు కమిటీకి పోతుంది.

క్లబ్‌హౌస్ ముందు ఒక చేపల కొలను ఉండేది. అందులో ఎరుపూ తెలుపూ కలిసిన పెద్ద చేపలు పద్నాలుగు. వాటికోసం ఒక ఫిల్టరు. ఫిల్టరంటే మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్మే. పంపు కొలనులోని నీటిని లాగి ఒత్తిడితో అందులోకి తోస్తుంది, లోపలి స్పాంజీలు మురికిని పట్టుకుంటాయి, తేరిన నీరు మళ్లీ కొలనులో పడుతుంది. డ్రమ్ముకూ మూతకూ మధ్య ఒక గాడి, ఆ గాడిలో ఒక రబ్బరు రింగు. మూత చుట్టూ బిగించే పట్టీని క్లాంపు అంటాం. రింగు బాగున్నంతకాలం చుక్క బయటికి రాదు. చూపుకు బాగుండదని ఈ మొత్తాన్ని ఒక గుంతలో దించి పైన ఇనుప రేకు మూశారు. గుంత అడుగున డ్రైన్ పైపు ఉంది కాబట్టి లోపల ఎంత కారినా పైకి తెలియదు.

కొలనులో నీరు తగ్గితే ఇళ్ల ట్యాంకుల్లో ఉన్నట్టే ఒక ఫ్లోట్ వాల్వు తెరుచుకుని మున్సిపల్ నీరు వచ్చి నిండుతుంది. ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఎండకు ఆవిరైన కాస్త నీటికి బదులు వస్తే చేపలకేమీ కాదు. కొలనులో సగం అదే అయితే చేపలు బతకవు.

సువార్తమ్మది జనగామ పక్క పల్లె. నాచారంలో ఒక గదిలో ఉండేది. భర్త నడుం దెబ్బతిని ఇంటికే పరిమితమయ్యాడు, కాబట్టి ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. చదువుకోలేదు గానీ, పెళ్లయ్యాక చర్చిలో బైబిల్ పట్టుకుని అక్షరాలు నేర్చింది. తోటతో పాటు కొలను, ఫిల్టరు శుభ్రం చూడటమూ ఆమె పనే. నేను పంపు రూములో గోడకు అంటించిన నెలవారీ పనుల చార్టును వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, ఒక్కటి కూడా వదలకుండా చేసేది. ప్లంబరు ఆ చార్టు వైపు చూసిన పాపాన పోలేదు.

ఫిబ్రవరిలో ఆమే వచ్చి ఫిల్టరు మూత దగ్గర నీరు చుక్కచుక్కగా కారుతోందని చెప్పింది. చూశాను, నిజమే. కొత్త రింగు కావాలని ఏజెన్సీకి ఇండెంటు రాశాను. ఇండెంటంటే సామాను కోసం పెట్టే అర్జీ. మూడు వారాల తర్వాత రింగుకు బదులు ఒక సీలెంటు ట్యూబు వచ్చింది. ఒత్తిడి ఉన్నచోట పైపైన పేస్టు రాస్తే ఆగదని మేనేజరుకు ఫోనులో చెప్పాను. చేపల తొట్టికి ఇంత హడావుడి ఎందుకని ఆయన నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పేస్టు రాశాను. కొన్నాళ్లు ఆగింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంది. బయటి బండ్లు లోపల పెట్టకుండా చూడటానికి సెక్యూరిటీ అంతా గేటు దగ్గరే ఉన్నారు. ఆదివారం నాకు సెలవు, సువార్తమ్మకూ సెలవే. సోమవారం పొద్దున వచ్చేసరికి పదకొండు చేపలు తెల్లని పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. బతికున్న మూడింటిని నిల్వ ఉన్న బోరు నీళ్ల డ్రమ్ములోకి మార్పించాను.

నేను గుంత రేకు ఎత్తేలోపే తీర్పు అయిపోయింది. శనివారం సాయంత్రం సువార్తమ్మ బకెట్‌తో కొలను దగ్గర వంగి ఉన్న సీసీ కెమెరా బొమ్మ ఒకటి ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఆ బకెట్‌లో ఫినాయిలు ఉందని ఒకరు రాశారు. అవునట అని ఇంకొకరు రాశారు. ఆమె ఆ బకెట్‌తో రోజూ నీటి మీద పడిన ఆకులు తీస్తుందని రెండేళ్లుగా బాల్కనీల్లోంచి చూస్తున్న వాళ్లలో ఒక్కరూ రాయలేదు. పదిన్నరకల్లా ఆమె గేటు పాసు తీసేసుకుని బయట నిలబెట్టారు. మధ్యాహ్నం మేనేజరు ఒక టైపు చేసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. తోటపని మనిషి నిర్లక్ష్యం వల్లే చేపలు చనిపోయాయని సూపర్‌వైజరుగా నేను ధ్రువీకరించాలట. సంతకం ఒక్కటే బాకీ. చూడని దానికి సంతకం పెట్టే అలవాటు నాకు లేదని చెప్పి స్పానరు తీసుకుని గుంతలోకి దిగాను.

ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు పంపు స్విచ్ ఆపడమే కాదు, ఫ్యూజు పీకి జేబులో పెట్టుకోవాలి. తర్వాత నీరు వచ్చే వాల్వు, పోయే వాల్వు రెండూ మూయాలి. డ్రమ్ముకున్న డ్రైన్ తెరిచి లోపలి ఒత్తిడి తీసేయాలి. ఒత్తిడి ఉండగా క్లాంపు విప్పితే మూత ఎగిరి దవడకు తగులుతుంది, అలా పళ్లు పోగొట్టుకున్నవాణ్ని చూశాను. రింగును స్క్రూడ్రైవరుతో పెకలించకూడదు, గాడి గీసుకుపోతుంది. పలచని చెక్క ముక్కతో తీయాలి.

మూత ఎత్తగానే సంగతి తెలిసిపోయింది. రింగు ఒకచోట తెగి, ముక్క వేలాడుతోంది. రెండు రోజులుగా కొలను నీరంతా అక్కడినుంచి డ్రైనులోకి పోయింది, పోయినకొద్దీ మున్సిపల్ నీరు వచ్చి నిండింది. ఫ్లోట్ వాల్వు అప్పటికీ బుసకొడుతూనే ఉంది. నేను ఆ రింగు పట్టుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్లి అంతా వివరించాను. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కోపం తెచ్చుకోరు. "లీకు సంగతి వేరండీ, చేపల సంగతి వేరు. ఏదో ఒక చర్య తీసుకోకపోతే మెంబర్లకు ఏమని చెప్పాలి?" అన్నారు. మెంబర్లకు చెప్పుకోవడానికి ఒక మనిషి కూడు తీసేయాలా అని నాలుక చివరిదాకా వచ్చింది. బుధవారం కమిటీ మీటింగులో రిపోర్టు ఇస్తానని మాత్రం చెప్పాను.

మంగళవారం రింగు కోసం నాచారం వెళ్లాను. అక్కడ ఫ్యాక్టరీలకు రబ్బరు సామాను చేసిచ్చే ఖాజా భాయ్ నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఏజెన్సీ మీద, కమిటీ మీద నా ఆవేశమంతా ఆయన బల్ల మీద పోశాను. ఆయన వింటూనే తెగిన రింగును బొటనవేలితో నొక్కి, వాసన చూశాడు. కొత్త రింగు తీసి దాని పక్కన పెట్టాడు. పాతది నానిన శనగలా ఉబ్బి, కొత్తదానికంటే లావుగా, పొడుగ్గా ఉంది.

"ఫోర్‌మన్ సాబ్, ఇది అరిగి తెగలే. గ్రీసు తాగి ఉబ్బింది. ఉబ్బినంక గాడిలకెల్లి బయటికొచ్చి క్లాంపు కింద నలిగింది. నీళ్ల రబ్బరుకు నూనె గ్రీసు పెట్టినోడెవడు?"

నూనె పంపుల రబ్బరు వేరే రకం, దానికి మామూలు గ్రీసు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. మా ఫ్యాక్టరీలో చేతికి దొరికిన ప్రతి సీలుకూ గ్రీసు పూసేవాళ్లం. నీటి ఫిల్టర్లకు వాడే రబ్బరు ఆ గ్రీసును తాగి ఉబ్బుతుంది. దానికి సిలికాన్ గ్రీసు మాత్రమే పనికొస్తుంది. ఈ తేడా ఎప్పుడో ట్రైనింగులో చదివాను. ఇరవై ఆరేళ్లు నూనె మధ్య తిరిగి మరిచాను.

అక్కడినుంచి నేరుగా సువార్తమ్మ ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసింది. ఫిల్టరు రింగుకు ఏ గ్రీసు పెట్టేదానివని అడిగాను.

"పంపు రూముల మీరు పెట్టిన డబ్బాలదే సారూ. నెలకొక్కసారి అన్ని సీళ్లకు గ్రీసు పెట్టాలని కాయితంల ఉండె గదా. ఒక్క నెల సుత తప్పలే. నేనేమన్న తప్పు జేసిన్నా?" అంది.

"నువ్వు జెయ్యలే. నేను జేసిన" అన్నాను.

ఆ చార్టు రాసింది నేనే, నా చేతిరాతతో. చెప్పినట్టు చేయని ప్లంబరు చేతిలో ఆ పని ఉండుంటే రింగు ఇంకో రెండేళ్లు నడిచేది. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిని గేటు బయట నిలబెట్టారు. రెండు రోజులుగా ప్రపంచం మీద మండిపడుతున్న నాకు, ఆ చిన్న గదిలో కూర్చున్నప్పుడు కోపం చూపడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఆ సాయంత్రమే గాడిని బట్టతో తుడిచి, కొత్త రింగుకు సిలికాన్ గ్రీసు పలచగా రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టాను. పంపు వేసి గంటసేపు గుంతలోనే నిలబడ్డాను. నేను రిటైరయ్యేదాకా అది చుక్క కారలేదు.

రిపోర్టులో అన్నీ రాశాను. ఫిబ్రవరి ఇండెంటు, రింగుకు బదులొచ్చిన ట్యూబు, ఫ్లోట్ వాల్వు, చివర నా చార్టు. మేనేజరు చదివి, మొదటిదీ చివరిదీ తీసేయమన్నాడు. మొదటిది ఏజెన్సీకి మంచిది కాదు, చివరిది నాకు మంచిది కాదు అని ఆయన లెక్క. ఎనిమిది నెలలు కళ్లు మూసుకుంటే ప్రశాంతంగా ఇంటికి పోవచ్చుగా అన్నాడు. ఆయన మాటల్లో నా మీద కొంత అభిమానం కూడా ఉంది, అందుకే ఇంకా కోపం వచ్చింది. ఒక్క అక్షరం తీయకుండా బుధవారం మీటింగులో నిలబడి చదివాను.

ఫినాయిలు అని రాసినాయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు ఆర్డరు వచ్చింది: "సదరు తోటపని కార్మికురాలిని హెచ్చరికతో తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది." ఆ హెచ్చరిక అనే మాట రెండుసార్లు చదివాను. చేయని తప్పుకు మూడు రోజులు బయట నిలబెట్టి, తీసుకునేటప్పుడు కూడా ఒక మచ్చ పెట్టి తీసుకోవాలా? ఆర్డరు పట్టుకుని సెక్రటరీ ఇంటికి వెళ్లాను. ఎవరో ఒకరి మీద ఏదో ఒకటి రికార్డులో ఉండాలి కదా అన్నారాయన.

"ఉండాలె సార్. నా పేరు రాయుండ్రి" అన్నాను.

ఆయన పెన్ను తీసి ఆమె ఆర్డరులో ఆ మాట కొట్టేశారు. వారంలో ఏజెన్సీ నుంచి నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఫైలుకెక్కినది అదొక్కటే. న్యాయంగా వచ్చింది కాబట్టి జవాబు రాయలేదు. రింగుకు బదులు ట్యూబు పంపినవాళ్లకు మాత్రం ఏ లేఖా రాలేదు. ఫ్లాట్లవాళ్లెవరూ సువార్తమ్మకు క్షమాపణ చెప్పలేదు.

పనిలో ఏదైనా చెడినప్పుడు మనం ముందు పనిముట్టు పట్టుకున్న చేతిని పట్టుకుంటాం. అది తప్పు వరుస. ముందు ఆ పని అలా చేయమని రాసినవాణ్ని పిలవాలి, తర్వాత అడిగిన సామాను ఇవ్వనివాణ్ని, చేసిన మనిషిని చివరికి. ఆ సోమవారం ఈ వరుసలో పిలిచి ఉంటే, పదిన్నరకు గేటు పాసు నాది తీసుకోవాల్సింది.