పిక్కలో దిగిన గడ్డిముల్లు

ఆ రోజుల్లో చావంటే నాకున్నంత భయం మా అత్తగారి ఊళ్లో ఇంకెవరికీ ఉన్నట్టు లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గద్వాల నుంచి కోడేరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. ఏది కదిలినా నాకు పామే (మా ఆయన బెల్టును చూసి కూడా ఒకసారి కేకపెట్టాను).

దసరా వెళ్లాక ఒక పొద్దున, పశువుల కొట్టం కప్పడానికి గడ్డి కావాలని అత్తమ్మ నన్ను గుట్టకు తీసుకుపోయింది. అక్కడంతా నడుమెత్తు ముళ్లగడ్డి. ఎండాకాలం మంటకు మాడిపోయినా, వాన పడగానే అదే దుబ్బులోంచి మళ్లీ లేచే మొండి జాతి. లేతగా ఉన్నప్పుడు పశువులు ఇష్టంగా మేస్తాయి. గింజ ముదిరాక గొర్రెలకాపరులు మందను అటు పోనివ్వరు. మంచుకు నా చీర మోకాళ్ల దాకా తడిసింది. నాలుగు పిడికిళ్లు కోశానో లేదో, పిక్క మీద చురుక్కుమంది. ఆ వెంటనే చీరలోపల ఏదో మెల్లగా తిరుగుతూ కదిలింది. 

“అత్తమ్మా! పాము కరిసింది!”

“యాడ? కదలకే! కదిలితే మళ్ల కరుస్తది!” అంటూ ఆమె కొడవలి ఎత్తింది. అది చూశాక నాకు బతుకు మీద ఆశ పోయింది. పాపాలతో చావకూడదనిపించి, ఏడుస్తూ చెప్పేశాను.

“పచ్చడి జాడీ పిల్లి పడెయ్యలే అత్తమ్మా, నేనే పలగ్గొట్టిన. నువ్వు తినుమని పోసే జొన్న గట్క రెండు నెలల సంది బర్రెకు పోస్తున్న.”

“గందుకేనా బర్రె గట్ల బలిసింది!” అంటూనే ఆమె కూర్చుని నా కుచ్చిళ్లు ఎత్తి చూసింది. తరువాత నా పిక్కలోంచి నల్లటి ముల్లొకటి పీకి, అరచేతిలో పెట్టి, ఉమ్మితో తడిపింది. దాని పొడుగాటి తోక పురుగులా మెలి తిరిగింది.

“సూడు. గడ్డిగింజ. తడి తగిల్తే గిట్లనే తిరుగుతది, గట్లనే మన్నుల దిగి మొలుస్తది.” ముల్లును దులిపేసి, నా ముఖంలోకి చూసింది. “ఇగ చెప్పు, ఇంకేం దాచినవ్?”

పాము కరిచిందనుకున్నప్పటి కన్నా ఆ క్షణంలో ఎక్కువ భయపడ్డాను. కానీ ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరునాటి నుంచి గట్క పోసి, గిన్నె ఖాళీ అయ్యేదాకా నా ఎదురుగా కూర్చునేది, అంతే.

ఇప్పుడు నాకు నలభై ఏళ్లు దాటాయి. నిజంగానే పాము కరిచినా నా నోటి నుంచి ఒక్క గుట్టు జారదు. గడ్డిముల్లు గుచ్చుకుంటేనే మనసులో ఉన్నదంతా కక్కేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.